ఒకే మెదడులో ఎన్ని రకాల ఆస్ట్రోసైట్లు? నా ప్రాజెక్టు డైరీ

అసలు ఏం చేస్తున్నానంటే

మౌస్ బ్రెయిన్‌ని ముందు నుంచి వెనక్కి నిలువుగా, అంటే సాజిటల్‌గా, పల్చటి స్లైసులు కోసి, ఒకే స్లైస్‌లో పైన కార్టెక్స్, దాని కింద కార్పస్ కలోసమ్, హిప్పోక్యాంపస్, వెనకాల సెరిబెల్లమ్ అన్నీ కనపడేలా పెట్టుకుని, ఏ చోట ఆస్ట్రోసైట్ (న్యూరాన్లకి తోడుగా ఉండే గ్లియా అనే సెల్స్‌లో ఒక రకం) ఎలా ఉంది, ఏ ప్రొటీన్లు తయారు చేస్తోంది, పక్కనున్న న్యూరాన్లకి ఏం చేసిపెడుతోంది అన్నది పోల్చి చూడ్డం, ఇదీ నా ప్రాజెక్టు. మెదళ్ళు దీనికోసం కొత్తగా తీసినవి కావు, వేరే పని కోసం ఫిక్స్ చేసి ఫ్రిజ్‌లో పెట్టినవి ల్యాబ్‌లో మిగిలున్నాయి, వాటితోనే నడిపిస్తున్నా. రెండో సగం కంప్యూటర్ పని, పబ్లిక్‌గా పెట్టిన సింగిల్ సెల్ డేటా (ఒక్కో సెల్‌లో ఏ జీన్లు ఎంత ఆన్‌లో ఉన్నాయో చెప్పేది) దింపుకుని అందులో ఆస్ట్రోసైట్లని మాత్రం వేరు చేసి చూడ్డం.

ఎందుకింత పట్టుదల అంటే, టెక్స్ట్‌బుక్కుల్లో ఆస్ట్రోసైట్లకి దక్కేది మహా అయితే ఒక పేజీ. గ్రే మ్యాటర్‌లో ఉండేవి ప్రొటోప్లాస్మిక్, వైట్ మ్యాటర్‌లో ఉండేవి ఫైబ్రస్, న్యూరాన్లకి సపోర్ట్ ఇస్తాయి, అంతే, పేజీ తిప్పేస్తాం. ఆ రెండు రకాల విభజన తప్పు కాదు, కానీ అది 1890ల్లో సిల్వర్ స్టెయిన్‌లో కనపడిన ఆకారాన్ని చూసి చేసింది, అప్పటికి ప్రొటీన్లు చూసే దారి లేదు, జీన్లు చూసే దారి అసలే లేదు. నూట ముప్పై ఏళ్ళ తర్వాత కూడా క్లాసులో అదే చెప్పుకుంటే ఎలా? ఇంకోటి, న్యూరాన్ల కంటే గ్లియా పదింతలు ఎక్కువ అని ఇప్పటికీ చాలా చోట్ల రాస్తుంటారు, అది నిజం కాదు. 2009లో సెల్స్‌ని కరిగించి న్యూక్లియస్‌లు లెక్కపెట్టే పద్ధతిలో చూస్తే మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, న్యూరాన్లు కాని సెల్స్ అన్నీ కలిపి సుమారు 8,500 కోట్లు, అంటే దాదాపు సమానం. నా దృష్టిలో ఆస్ట్రోసైట్ల గొప్పతనం అంకెలో లేదు, ఎక్కడ ఉంటే అక్కడి పనికి తగ్గట్టు మారిపోవడంలో ఉంది. ఈ ప్రాజెక్టు మొత్తం అది కళ్ళతో చూద్దామనే.

స్లైసులు, యాంటీబాడీలు

ఇది త్వరగా చెప్పేస్తా. వైబ్రటోమ్ మీద 40 మైక్రాన్ల మందంతో కోసి, స్లైడ్ మీద అతికించకుండా బఫర్‌లో తేలేలా ఉంచి స్టెయిన్ చేస్తున్నా. తేలే సెక్షన్లకి రెండు వైపుల నుంచీ యాంటీబాడీ ఎక్కుతుంది కాబట్టి లోపల దాకా వెళ్ళే ఛాన్స్ ఎక్కువ. మూడు మార్కర్లు, అంటే ఆస్ట్రోసైట్లని గుర్తుపట్టడానికి వాడే ప్రొటీన్లు, పెట్టుకున్నా: జీఎఫ్ఏపీ, ఎస్100బీ, సాక్స్9. జీఎఫ్ఏపీకి చికెన్‌లో తయారైన యాంటీబాడీ, ఎస్100బీకి రాబిట్, సాక్స్9కి గోట్. మౌస్‌లో తయారైన యాంటీబాడీని మౌస్ టిష్యూ మీద వాడితే, సెకండరీ (మొదటి యాంటీబాడీకి, అంటే ప్రైమరీకి, అతుక్కుని రంగు వెలిగించే రెండో యాంటీబాడీ) వెళ్ళి మెదడులో ముందే ఉన్న మౌస్ ఇమ్యునోగ్లోబులిన్లకి కూడా అతుక్కుని రక్తనాళాలన్నీ వెలిగిపోతాయి, అందుకే దాన్ని దూరంగా పెట్టా. సెకండరీలు మూడూ డాంకీవే తీసుకున్నా, బ్లాకింగ్‌కి కూడా డాంకీ సీరమే, ఎందుకంటే సాక్స్9 యాంటీబాడీ గోట్‌ది అయినప్పుడు గోట్ సీరమ్‌తో బ్లాక్ చేస్తే సెకండరీ పోయి ఆ సీరమ్‌కే అతుక్కుంటుంది, బ్యాక్‌గ్రౌండ్ అంతా మసక. ప్రైమరీ నాలుగు డిగ్రీల దగ్గర రాత్రంతా, పొద్దున కడిగి సెకండరీ, చివర్లో న్యూక్లియస్‌ల కోసం డాపీ.

కాన్ఫోకల్ మైక్రోస్కోప్ మీద మొదటి చూపు

ముందు జీఎఫ్ఏపీ ఛానెల్ ఒక్కటే ఆన్ చేసి చూశా. హిప్పోక్యాంపస్ ధగధగా వెలిగిపోతోంది, ఒక్కో సెల్ చుట్టూ కొమ్మలు నక్షత్రంలా విచ్చుకుని. కార్పస్ కలోసమ్‌లో కూడా గట్టిగానే ఉంది, కాకపోతే అక్కడి సెల్స్ ఆక్సాన్లు (న్యూరాన్ల పొడుగాటి తీగలు) పోయే దిక్కుకే సాగిపోయి, పొడుగ్గా, కొమ్మలు తక్కువగా. మెదడు పైపొర అంచున ఒక వెలుగు గీత, అక్కడ ఆస్ట్రోసైట్లు పాదాలు ఆనించి గోడ కట్టినట్టుండే గ్లియా లిమిటాన్స్ అది. వీటికి మధ్యన ఉన్న కార్టెక్స్ మాత్రం చాలా వరకు చీకటి. థాలమస్ కూడా అంతే.

పక్కనే కూర్చుని చూస్తున్న జూనియర్ అడిగేసింది, "అక్కా, ఇక్కడ యాంటీబాడీ ఎక్కలేదా?" అని. ఎక్కింది, అదే సెక్షన్‌లో రెండు మిల్లీమీటర్ల కింద హిప్పోక్యాంపస్ వెలుగుతోందిగా. ఏమీ చెప్పకుండా సాక్స్9 ఛానెల్ ఆన్ చేశా. కార్టెక్స్ నిండా న్యూక్లియస్‌లు, ఒకదానికొకటి కొంచెం ఎడంగా, దాదాపు సమాన దూరంలో సర్దుకుని కూర్చున్నట్టు, పై లేయర్ నుంచి కింది లేయర్ దాకా. "ఇవన్నీ ఆస్ట్రోసైట్లేనా?" అంది. అవన్నీ ఆస్ట్రోసైట్లే. ఆరోగ్యంగా ఉన్న మౌస్ కార్టెక్స్‌లో చాలా ఆస్ట్రోసైట్లు జీఎఫ్ఏపీని యాంటీబాడీకి దొరికేంతగా తయారు చేయవు, అంతే తేడా.

ఇది చిన్న విషయం కాదు. జీఎఫ్ఏపీ 1970 ప్రాంతంలో మల్టిపుల్ స్క్లిరోసిస్ పేషెంట్ల మెదడులో గట్టిపడిన మచ్చల నుంచి వేరు చేసిన ప్రొటీన్, అంటే దెబ్బతిన్న చోట అది గుట్టలుగా ఉంటుంది కాబట్టి దొరికింది. అప్పటి నుంచి ఆస్ట్రోసైట్ అంటే జీఎఫ్ఏపీ అన్నట్టు అయిపోయింది. ఎన్నో పేపర్లలో జీఎఫ్ఏపీ పాజిటివ్ సెల్స్ పెరిగాయి కాబట్టి ఆస్ట్రోసైట్లు పెరిగాయి అని రాసేస్తుంటారు, చాలాసార్లు జరిగేదేంటంటే అంతకుముందు నుంచీ అక్కడే ఉన్న సెల్ ఇప్పుడు జీఎఫ్ఏపీ తయారు చేయడం మొదలుపెట్టింది, కొత్త సెల్ ఏమీ పుట్టలేదు. పైగా జీఎఫ్ఏపీ వెలిగే చోట కూడా అది చూపించేది సెల్ లోపలి అస్థిపంజరాన్నే, సెల్ మొత్తం వాల్యూమ్‌లో అది సుమారు 15 శాతం. స్లాబ్ పోసిన ఇంటికి పిల్లర్లు మాత్రం చూసి గదులెన్నో చెప్పేసినట్టు ఉంటుంది దాన్ని బట్టి సైజు కొలవడం.

ఎస్100బీ కార్టెక్స్‌లో బాగానే పడింది, సెల్ బాడీ అంతా నిండుగా కనపడుతుంది, కానీ అది కొన్ని ఆలిగోడెండ్రోసైట్ (ఆక్సాన్లకి తొడుగు చుట్టే ఇంకో రకం గ్లియా) కుటుంబం సెల్స్‌లో కూడా ఉంటుంది కాబట్టి ఒక్కదాన్నే నమ్ముకుని లెక్క పెట్టకూడదు. అందుకని నేను పెట్టుకున్న రూల్: లెక్కకి సాక్స్9, ఆకారానికి వేరే పద్ధతి, జీఎఫ్ఏపీ ఏమో ఆ సెల్ ఏ స్థితిలో ఉందో తెలుసుకోడానికి ఒక సూచన మాత్రమే. సాక్స్9కి కూడా మినహాయింపులున్నాయి, వెంట్రికల్ (మెదడు లోపల ద్రవం ఉండే గది) గోడల మీదుండే ఎపెండైమల్ సెల్స్‌లో, కొత్త న్యూరాన్లు పుట్టే చోట్లలో ఉండే స్టెమ్ సెల్స్‌లో అది ఉంటుంది, ఆ ప్రాంతాలు లెక్కలోంచి తీసేశా.

సెల్‌లోకి రంగు ఎక్కించడం

ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఆకారం పూర్తిగా తెలియాలంటే సెల్ లోపలికే రంగు పంపాలి. దీనికి తేలికగా ఫిక్స్ చేసిన, కొంచెం మందంగా కోసిన స్లైస్ కావాలి, సన్నటి మొన ఉన్న గాజు పిపెట్‌లో లూసిఫర్ ఎల్లో అనే పసుపు రంగు నింపి, హిప్పోక్యాంపస్‌లో సీఏ1 అనే భాగంలో ఒక ఆస్ట్రోసైట్ బాడీని చూసుకుని మెల్లగా గుచ్చి, చిన్న నెగటివ్ కరెంట్ ఇస్తే రంగు లోపలికి పోతుంది. బతికున్న స్లైస్‌లో ఇలా చేస్తే కనెక్సిన్ 43, కనెక్సిన్ 30 అనే ప్రొటీన్లతో కట్టిన గ్యాప్ జంక్షన్ల గుండా చిన్న అణువులు ఒక ఆస్ట్రోసైట్ నుంచి పక్కదానికి, దాని నుంచి ఇంకోదానికి పాకిపోతాయి, ఫిక్స్ చేసిన టిష్యూలో రంగు ఆ ఒక్క సెల్‌లోనే ఆగుతుంది, మనకి కావాల్సింది అదే.

మొన లోపలికి దిగగానే ముందు సెల్ బాడీ వెలుగుతుంది. తర్వాత లావు కొమ్మలు, జీఎఫ్ఏపీలో రోజూ చూసేవి. ఆ తర్వాత ఒక నిమిషం ఏమీ జరగనట్టే ఉండి, ఉన్నట్టుండి ఆ కొమ్మల మధ్య ఖాళీలన్నీ పూడిపోవడం మొదలవుతుంది, సన్నటి రేకులు, వాటి మీద ఇంకా సన్నటి రేకులు, లైట్ మైక్రోస్కోప్‌లో విడిగా కనపడనంత సన్నగా, చివరికి నక్షత్రం ఆకారం మాయమై దట్టమైన గుబురు మిగులుతుంది. స్లైడ్ల మీద వందలసార్లు చూసిన నక్షత్రం అసలు ఈ సెల్ ఆకారమే కాదని ఆ నిమిషంలో అర్థమవుతుంది. ఆ గుబురులోనే సినాప్సులు (న్యూరాన్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే చోట్లు) ఉంటాయి, ఎలుకల హిప్పోక్యాంపస్‌లో ఒక్క ఆస్ట్రోసైట్ పరిధిలో సుమారు లక్ష సినాప్సులు వస్తాయని అంచనా.

పక్క సెల్‌లో ఎర్ర రంగు ఎక్కించా. రెండు గుబురులూ ఒకదాన్ని ఒకటి తాకే చోట పసుపూ ఎరుపూ కలిసిన పట్టీ చాలా సన్నగా ఉంది, మిగతాదంతా ఎవరి ఏరియా వాళ్ళదే. 2002లో ఇదే పద్ధతిలో సీఏ1లోనే చూపించిన సంగతి ఇది, ఒక్కో ప్రొటోప్లాస్మిక్ ఆస్ట్రోసైట్‌కి సొంత ప్రాంతం ఉంటుంది, సుమారు 66,000 క్యూబిక్ మైక్రాన్లు, పక్కవాళ్ళతో కలిసేది అంచుల్లో మాత్రమే. అంటే ఆ ప్రాంతంలో ఉన్న సినాప్సులకి సంబంధించినంత వరకు పొటాషియం తీసేయడమైనా, న్యూరాన్లు సందేశానికి వాడే గ్లుటమేట్ పీల్చుకోవడమైనా చాలా వరకు ఆ ఒక్క సెల్ బాధ్యతే.

ఆ పని ఎంత పెద్దదో చెప్పాలి. న్యూరాన్ ఫైర్ అయిన ప్రతిసారీ పొటాషియం బయటికి వస్తుంది, మామూలుగా బయట 3 మిల్లీమోలార్ దగ్గర ఉండేది గట్టిగా ఫైరింగ్ జరిగితే పెరిగిపోతుంది, అలాగే వదిలేస్తే చుట్టుపక్కల న్యూరాన్లన్నీ కారణం లేకుండా రెచ్చిపోతాయి, అలాంటి పరిస్థితుల్లో మూర్ఛ కూడా రావచ్చు. ఆస్ట్రోసైట్ మెంబ్రేన్‌లో కిర్4.1 అనే ఛానెళ్ళు దాన్ని లోపలికి లాగుతాయి, గ్యాప్ జంక్షన్ల గుండా పక్క ఆస్ట్రోసైట్లకి పంచేస్తాయి. గ్లుటమేట్ ఏమో జీఎల్‌టీ-1, గ్లాస్ట్ అనే రెండు ట్రాన్స్‌పోర్టర్లతో లోపలికి పోయి, గ్లుటమీన్ సింథటేజ్ అనే ఎంజైమ్ దగ్గర గ్లుటమీన్‌గా మారి, తిరిగి న్యూరాన్‌కి వెళ్తుంది, న్యూరాన్ దాన్ని మళ్ళీ గ్లుటమేట్ చేసుకుంటుంది. ఈ రెండు ట్రాన్స్‌పోర్టర్ల వాటా కూడా అన్ని చోట్లా ఒకటి కాదు, కార్టెక్స్, హిప్పోక్యాంపస్‌లో జీఎల్‌టీ-1ది పెద్ద చెయ్యి, సెరిబెల్లమ్‌లో గ్లాస్ట్‌ది.

కార్పస్ కలోసమ్‌లో కూడా రంగు ఎక్కించి చూశా, అక్కడ గుబురు లేదు, తిన్నటి సన్నటి కొమ్మలు ఆక్సాన్ల వెంట పోతున్నాయి, పక్కవాళ్ళ ఏరియాలోకి చొచ్చుకుపోతున్నాయి కూడా, అక్కడ సినాప్సుల గొడవ లేదు కాబట్టి హద్దుల పట్టింపు కూడా తక్కువ అనిపించింది.

సెరిబెల్లమ్, ఇక్కడ ఆగిపోయా

సెరిబెల్లమ్ దగ్గర అనుకున్నదానికంటే చాలా ఎక్కువ టైమ్ గడిపా, గడపాలి కూడా. ఎందుకంటే ఒక మిల్లీమీటర్ కూడా లేని దూరంలో, పక్కపక్కనే, రెండు పూర్తిగా వేరే ఆస్ట్రోసైట్లు ఉంటాయి అక్కడ. ఒకటి బెర్గ్‌మన్ గ్లియా. వీటి సెల్ బాడీలు పర్కింజే న్యూరాన్ల వరసలోనే ఇరుక్కుని ఉంటాయి, అక్కడి నుంచి కొమ్మలు మాలిక్యులర్ లేయర్ మొత్తాన్నీ దాటుకుంటూ మెదడు పైపొర దాకా నిటారుగా పోతాయి, జీఎఫ్ఏపీలో చూస్తే దువ్వెన పళ్ళలా వరసగా నిలబడ్డ గీతలు. రెండోది వాటి కిందుండే గ్రాన్యూల్ లేయర్‌లో, వీలేట్ ఆస్ట్రోసైట్లు, ఇవి పొట్టిగా, ముసుగులాంటి పల్చటి రేకులతో గ్రాన్యూల్ సెల్స్ గుంపులని చుట్టుకుని ఉంటాయి.

బెర్గ్‌మన్ గ్లియా కొమ్మ మీద ఫోకస్ పెట్టి జడ్-స్టాక్ (లోతు మారుస్తూ వరసగా తీసే ఇమేజ్‌లు) తీసి చూస్తే, ఆ నిటారు గీత పక్కన అంతా చిన్న చిన్న బొడిపెలు, రేకులు. అవన్నీ పర్కింజే సినాప్సుల చుట్టూ తొడుగుల్లా ఉంటాయి. ఇంకా ఆసక్తికరమైన సంగతి, ఈ సెల్స్‌కి గ్లుటమేట్‌ని వినే ఏంపీఏ రిసెప్టర్లు ఉంటాయి, అవి కూడా క్యాల్షియమ్‌ని లోపలికి రానిచ్చే రకం. 2012లో మౌస్‌లలో బెర్గ్‌మన్ గ్లియా నుంచి మాత్రమే ఆ రిసెప్టర్లు తీసేసి చూశారు, గ్లియా కొమ్మలు సినాప్సుల నుంచి వెనక్కి జరిగాయి, మౌస్ కదలికల్లో నాజూకుతనం దెబ్బతింది. న్యూరాన్లని ముట్టుకోలేదు, మార్చింది గ్లియాలో ఒక రిసెప్టర్‌ని, తేడా వచ్చింది నడకలో. సపోర్ట్ సెల్ అన్న మాట ఈ ఒక్క ప్రయోగం ముందు చాలా చిన్నదైపోతుంది నాకు.

మరి పక్కపక్కనే ఉన్న ఈ రెండూ ఎందుకంత వేరు? పుట్టుకలోనే తేడానా, పొరుగు వల్లనా? దీనికి 2016లో వచ్చిన జవాబు నాకు ఈ సబ్జెక్టు మొత్తంలో అన్నిటికంటే అందంగా అనిపిస్తుంది. పర్కింజే న్యూరాన్లు సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సిగ్నల్ ప్రొటీన్ విడుదల చేస్తాయి, ఎదిగిన జంతువులో కూడా. బెర్గ్‌మన్ గ్లియాలో ఆ సిగ్నల్ వినే దారి మూసేస్తే వాటి ప్రత్యేకత సడలిపోతుంది, ఏంపీఏ రిసెప్టర్లు, కిర్4.1 తగ్గిపోతాయి. రివర్స్‌లో, వీలేట్ ఆస్ట్రోసైట్లలో అదే సిగ్నల్‌ని బలవంతంగా ఆన్ చేస్తే అవి బెర్గ్‌మన్ గ్లియా జీన్లు ఆన్ చేయడం మొదలుపెడతాయి. అంటే గ్లియాకి నువ్వు ఇలా ఉండు అని న్యూరాన్ చెప్తోంది, అది కూడా చిన్నప్పుడు ఒకసారి చెప్పి ఊరుకోవడం కాదు, జీవితమంతా చెప్తూనే ఉండాలి. మా గైడ్ మేడమ్ దీని గురించి మాట్లాడినప్పుడు ఒకటన్నారు, "రకం అనగానే మనం పుట్టుమచ్చ అనుకుంటాం, ఇక్కడ అది ఉద్యోగం లాంటిదమ్మా" అని. దాన్ని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నా.

సింగిల్ సెల్ డేటాతో కుస్తీ

మైక్రోస్కోప్ పక్కన పెట్టి డేటా వైపు వచ్చా. 2018లో మౌస్ నాడీ వ్యవస్థ మొత్తానికి అట్లాస్ ఒకటి వచ్చింది, 5 లక్షల పైచిలుకు సెల్స్, అందులో ఆస్ట్రోసైట్లని ఏడు రకాలుగా తేల్చారు. నేను ఆస్ట్రోసైట్లని మాత్రం బయటికి తీసి స్కాన్‌పై అనే సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచి క్లస్టరింగ్ (జీన్లు ఒకేలా ఉన్న సెల్స్‌ని గుంపులు చేయడం) చేస్తున్నా, వాళ్ళ పేర్లు చూడకుండా ముందు నాకు ఏం వస్తుందో చూద్దామని.

క్లస్టరింగ్ చేసేవాళ్ళకి తెలుసు, లైడెన్ అనే క్లస్టరింగ్ అల్గారిథమ్‌లో రిజల్యూషన్ అనే ఒక అంకె ఉంటుంది, దాన్ని పెంచుకుంటూ పోతే క్లస్టర్లు పెరుగుతూనే ఉంటాయి, ఎక్కడ ఆపాలో అల్గారిథమ్ చెప్పదు. కాబట్టి ఆస్ట్రోసైట్లు ఎన్ని రకాలు అంటే ఒక అంకె చెప్పేయడం నాకు నచ్చదు. దానికి బదులు రిజల్యూషన్ ఎంత మార్చినా చెక్కుచెదరకుండా నిలబడే గీతలేవి అని చూశా. అన్నిటికంటే గట్టిగా నిలబడ్డ గీత ఒకటుంది, టెలెన్‌సెఫలాన్‌కీ మిగతా మెదడుకీ మధ్య. కార్టెక్స్, హిప్పోక్యాంపస్, స్ట్రయాటమ్ ఆస్ట్రోసైట్లు ఒక పక్క, ఎంఎఫ్‌జీఈ8, ఎల్‌హెచ్‌ఎక్స్2 జీన్లు ఎక్కువగా. థాలమస్, మిడ్‌బ్రెయిన్, బ్రెయిన్ స్టెమ్, స్పైనల్ కార్డ్ ఇంకో పక్క, ఏజీటీ అనే జీన్‌తో. అట్లాస్ చేసినవాళ్ళు కూడా ఇదే చెప్పారు, నా ప్లాట్‌లో ఆ రెండు దీవులు విడిపోయి కనపడినప్పుడు సంతోషమేసింది. ఆల్ఫ్యాక్టరీ బల్బ్ ఆస్ట్రోసైట్లు ఒక చిన్న దీవి, బెర్గ్‌మన్ గ్లియా అయితే ఎంత తక్కువ రిజల్యూషన్‌లో కూడా విడిగానే ఉంటాయి.

ఒక క్లస్టర్ మీద మాత్రం అనుమానమొచ్చింది. ఫాస్, జున్ లాంటి జీన్లు విపరీతంగా ఎక్కువ, ప్రాంతం చూస్తే అన్ని చోట్ల నుంచీ కలగలిసి ఉన్నాయి. ఇవి సెల్‌కి ఏదైనా షాక్ తగలగానే నిమిషాల్లో ఆన్ అయ్యే జీన్లు, మెదడుని ఎంజైమ్‌తో నానబెట్టి సెల్స్‌ని విడగొట్టేటప్పుడే ఇవి ఆన్ అయిపోతాయి. దాన్ని కొత్త రకం అని పేరు పెట్టుకోవడం కుదరదు, పక్కన పెట్టా. ఇంకో క్లస్టర్‌లో న్యూరాన్ జీన్లు కూడా ఉన్నాయి, ఆస్ట్రోసైట్ రేకులు సినాప్సులకి ఎంత గట్టిగా అతుక్కుని ఉంటాయో చూశాం కదా, విడగొట్టేటప్పుడు న్యూరాన్ ముక్కలు వెంట వచ్చేస్తాయి, రెండు సెల్స్ ఒకే చుక్కలో పడే డబ్లెట్లు కూడా ఉంటాయి, అవీ తీసేశా. సింగిల్ సెల్ పేపర్ చదివేటప్పుడు కొత్త రకం దొరికింది అని కనపడితే ముందు ఈ రెండూ అడగాలి అని నా గట్టి అభిప్రాయం.

కార్టెక్స్ లోపల లేయర్లు

న్యూరాన్లకి కార్టెక్స్‌లో ఆరు లేయర్లు, ఆస్ట్రోసైట్లు మాత్రం పై నుంచి కింద దాకా ఒకటే అని చాలాకాలం అనుకున్నారు. 2020లో సెక్షన్ల మీదే జీన్లని నేరుగా చూసే పద్ధతితో తేలిందేంటంటే వీటికి కూడా పైన, మధ్య, కింద అని వరసలున్నాయి, కాకపోతే అవి న్యూరాన్ల ఆరు లేయర్లతో గీత గీతకీ సరిపోవు. సీహెచ్‌ఆర్‌డీఎల్1 అనే జీన్ పైవైపు ఎక్కువ, ఐఎల్33 కిందివైపు. మొదటిదాని పని తెలుసు కాబట్టి ఇది ఊరికే అలంకారం కాదని చెప్పొచ్చు: ఆస్ట్రోసైట్ ఆ ప్రొటీన్‌ని బయటికి వదిలితే సినాప్సులలోకి గ్లుఏ2 ఉన్న ఏంపీఏ రిసెప్టర్లు వచ్చి చేరతాయి, అంటే పసి సినాప్స్ ముదిరిన సినాప్స్ అవుతుంది. న్యూరాన్ల లేయర్లు తలకిందులైన మౌస్ మ్యూటెంట్‌లలో ఆస్ట్రోసైట్ల వరసలు కూడా మారిపోతాయి, ఇది మళ్ళీ సెరిబెల్లమ్‌లో చూసిన కథే, పొరుగు మారితే సెల్ మారుతుంది.

చదువుతూ రాసుకున్నవి

నా స్లైసులలో లేని ప్రాంతాల గురించి చదివినవి కూడా ఇక్కడే పెడుతున్నా, లేకపోతే బొమ్మ సగమే వస్తుంది.

బ్రెయిన్ స్టెమ్ కింది ఉపరితలం దగ్గరుండే ఆస్ట్రోసైట్లు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ కొంచెం తగ్గితే చాలు పసిగట్టేస్తాయి, లోపల క్యాల్షియం పెరిగి, ఏటీపీ బయటికి వదులుతాయి, దాంతో పక్కనున్న శ్వాస న్యూరాన్లు జోరందుకుని ఊపిరి పెరుగుతుంది. 2010లో చూపించారు ఇది. కార్టెక్స్ ఆస్ట్రోసైట్లకి ఆ స్పందన అలా ఉండదు. స్పైనల్ కార్డ్‌లో ముందువైపు ఆస్ట్రోసైట్లు సెమా3ఏ అనే ప్రొటీన్ తయారు చేస్తాయి, వెనకవైపువి అంతగా చేయవు, అది లేకపోతే మోటార్ న్యూరాన్ల అమరిక దెబ్బతిని కొన్ని చచ్చిపోతాయి కూడా. రెటీనాలో మ్యుల్లర్ గ్లియా ఉన్నాయి, రెటీనా మందం మొత్తం ఒక చివర నుంచి ఇంకో చివరకి సాగి ఉంటాయి, జీబ్రాఫిష్‌లో అయితే దెబ్బతిన్న రెటీనాని ఇవే కొత్త న్యూరాన్లు పుట్టించి బాగుచేస్తాయి, మనలాంటి క్షీరదాల్లో ఆ శక్తి దాదాపు నిద్రపోయింది. మూడో వెంట్రికల్ అడుగున ఉండే టానిసైట్లు, పిట్యూటరీ వెనక భాగంలో పిట్యూసైట్లు, వీటిని ఆస్ట్రోసైట్ కుటుంబంలో కలపాలా వద్దా అని వాదనలున్నాయి, నేనైతే కలుపుతా.

మనిషి విషయానికొస్తే, 2009లో చేసిన పోలికలో మనిషి కార్టెక్స్‌లోని ప్రొటోప్లాస్మిక్ ఆస్ట్రోసైట్ అడ్డం కొలత ఎలుక జాతి దానికి 2.6 రెట్లు, ఒక్కోదాని పరిధిలో 20 లక్షల దాకా సినాప్సులు రావచ్చని లెక్క. మొదటి లేయర్‌లో మొదలై కిందికి చాలా దూరం దిగే ఇంటర్‌లామినార్ ఆస్ట్రోసైట్లు ప్రైమేట్లలో పూర్తిగా ఎదిగి ఉంటాయి. అందుకే మౌస్‌లో చూసినదంతా మనిషికి అతికించేయకూడదు. 2013లో మనిషి గ్లియా ప్రొజెనిటర్ సెల్స్‌ని పసి మౌస్‌ల మెదడులో పెడితే అవి ఎదిగి పెద్ద పెద్ద ఆస్ట్రోసైట్లయ్యాయి, ఆ మౌస్‌లు నేర్చుకునే టెస్టుల్లో మెరుగ్గా చేశాయి కూడా.

దెబ్బ తగిలినప్పుడు

మెదడుకి దెబ్బ తగిలినా, స్ట్రోక్ వచ్చినా, ఇన్ఫెక్షన్ వచ్చినా ఆస్ట్రోసైట్లు రియాక్టివ్ అవుతాయి, అంటే ఆకారం, జీన్లు, పని మార్చుకుంటాయి. 2012లో స్ట్రోక్‌లోనూ, బ్యాక్టీరియా టాక్సిన్‌తో తెప్పించిన ఇన్‌ఫ్లమేషన్‌లోనూ వేర్వేరు జీన్లు ఆన్ అవుతాయని చూపించారు, 2017లో మైక్రోగ్లియా (మెదడులోని రోగనిరోధక సెల్స్) విడుదల చేసే ఐఎల్-1ఆల్ఫా, టీఎన్ఎఫ్, సీ1క్యూ మూడూ కలిస్తే ఆస్ట్రోసైట్ న్యూరాన్లని చంపేలా మారుతుందని చూపించారు, అలా మారినవాటికి ఏ1 అని, స్ట్రోక్ తరహావాటికి ఏ2 అని పేర్లు పెట్టారు. ఆ ప్రయోగం చాలా ముఖ్యమైనది, నేను గౌరవిస్తా. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే ఏ1 అంటే చెడ్డవి, ఏ2 అంటే మంచివి అని జనం రెండు డబ్బాలు చేసేసి, సీ3 అనే ఒక్క మార్కర్ కనపడగానే ఏ1 అని స్టాంప్ వేసేయడం మొదలైంది. 2021లో ఈ ఫీల్డ్‌లో పెద్దవాళ్ళు చాలామంది కలిసి ఒక స్టేట్‌మెంట్ రాశారు, ఈ రెండు డబ్బాల పద్ధతి మానేయండి, ఒక్క మార్కర్ మీద ఆధారపడకండి, సెల్ పనిలో ఏం మారిందో చూపించండి అని. జీఎఫ్ఏపీ కథ మొదటి నుంచీ చూస్తున్నవాళ్ళకి ఇది ఎంత అవసరమో అర్థమవుతుంది. మామూలుగా ఉన్నప్పుడే ఇన్ని రకాలుగా ఉన్న సెల్స్ దెబ్బ తగలగానే రెండే రకాలుగా ఎలా మారతాయి?

జబ్బు నేరుగా ఆస్ట్రోసైట్ నుంచే మొదలయ్యేవి కూడా ఉన్నాయి. అలెగ్జాండర్ డిసీజ్‌లో జీఎఫ్ఏపీ జీన్‌లోనే మ్యుటేషన్, పిల్లల్లో మెదడు వైట్ మ్యాటర్ పాడైపోతుంది. న్యూరోమైలైటిస్ ఆప్టికాలో చాలామందికి ఒంట్లో యాంటీబాడీలు ఆస్ట్రోసైట్ పాదాల మీదుండే ఆక్వాపోరిన్-4 అనే నీటి ఛానెల్ మీదే దాడి చేస్తాయి, చూపు, వెన్నుపాము దెబ్బతింటాయి. ఆ యాంటీబాడీ టెస్ట్ వచ్చాకే దాన్ని మల్టిపుల్ స్క్లిరోసిస్ నుంచి ధైర్యంగా వేరు చేయగలుగుతున్నారు, ట్రీట్‌మెంట్ కూడా వేరే కాబట్టి ఇది ప్రాణాల మీది సంగతి.

ఇప్పుడు నడుస్తున్నది

ఆక్వాపోరిన్-4 స్టెయిన్ కొత్తగా మొదలుపెట్టా. కార్టెక్స్‌లో రక్తనాళం పొడుగునా రెండు వైపులా పట్టు దారంలాంటి గీత, కొమ్మ విడిపోయే చోట గీత కూడా విడిపోతుంది, మధ్యలో ఖాళీ. ఆ గీతంతా ఆస్ట్రోసైట్ పాదాలే, ఒకదానికొకటి ఆనుకుని నాళాన్ని దాదాపు పూర్తిగా కప్పేశాయి. సెరిబెల్లమ్‌కి వెళ్తే గ్రాన్యూల్ లేయర్ గట్టిగా వెలుగుతోంది, మాలిక్యులర్ లేయర్ దానికంటే మసకగా. వీలేట్ ఆస్ట్రోసైట్లలో ఆక్వాపోరిన్-4 జీన్ ఎక్కువ అని చదివినదానికి ఇది సరిపోతోంది, కాకపోతే నాకు సెల్ సెల్‌కీ విడివిడిగా కావాలి, అందుకని అదే సెక్షన్ మీద సాక్స్9 కూడా పెట్టి, ఒక్కో న్యూక్లియస్ చుట్టూ సిగ్నల్ ఎంతుందో కొలిచే చిన్న మ్యాక్రో (తనంతట తాను నడిచే కోడ్) ఫిజీ అనే ఇమేజ్ సాఫ్ట్‌వేర్‌లో రాస్తున్నా. బెర్గ్‌మన్ గ్లియా న్యూక్లియస్‌లు పర్కింజే బాడీల మధ్య మరీ ఇరుగ్గా ఉంటాయి కాబట్టి మ్యాక్రో రెండిటిని ఒకటిగా తీసుకుంటోంది, అక్కడ చేత్తోనే గీస్తున్నా.

దీని తర్వాత కార్టెక్స్ స్లైసుల మీద సీహెచ్‌ఆర్‌డీఎల్1, ఐఎల్33 ఆర్‌ఎన్ఏ ప్రోబ్‌లు (ఆ జీన్ ఎక్కడ ఆన్‌లో ఉందో వెలిగి చూపించేవి), మూడో రంగులో సాక్స్9. ప్రోబ్‌లు పని చేస్తున్నాయో లేదో తెలియడానికి పాజిటివ్, నెగటివ్ కంట్రోల్ ప్రోబ్‌లు ముందు పక్క సెక్షన్ల మీద వేస్తా. డేటాలో చూసిన పై వరస, కింది వరస కళ్ళ ముందు సెక్షన్‌లో ఎక్కడ కలుస్తాయో, గీతలా తెగిపోతాయా లేక మెల్లగా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారతాయా అన్నది అప్పుడు తేలుతుంది, ఆ ఇమేజ్‌లు రాగానే ఇక్కడ పెడతా.